చెయ్యి తిరిగిందన్నాడు

మొన్న శుక్రవారం అల్ అజీజియాలో కూరగాయల కొట్టుకి వెళ్ళాం. మా అబ్బాయి ఒక సొరకాయ తీసి, చేతిలో ఎగరేసి పట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఇది తవ్వెడు గూడ లేదు నాన్నా, ఇంకోటి తీసుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొట్టువాడు మలయాళీ, వాడికేం అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది.

వాడికి పదిహేడేళ్ళు. దోహాలోనే పుట్టాడు. ధాన్యం కొలిచే పాతకాలపు తవ్వ ఏమిటో, సోల ఏమిటో మా ఇంట్లో ఎవరూ వాడికి చెప్పలేదు. నేనే వాటిని కళ్ళతో చూడలేదు, కాకినాడలో మా నాయనమ్మ నోట వినడమే. ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆయన్ని చూసి ఏడాది కావస్తోంది. అయినా నా కొడుకు నోట్లోంచి రోజుకోసారి బయటికొస్తూనే ఉన్నాడు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన మీద నాకెందుకంత కడుపుమంటో మీకు తెలియదు. మెసయీద్‌లో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో కొలత పరికరాలను సరిచూసే ఇంజనీర్ని. గేజ్ పన్నెండు చూపిస్తే అది నిజంగా పన్నెండేనా, పదకొండున్నరా అని తేల్చడం నా డ్యూటీ. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కొలవనిదాన్ని నమ్మను. మా ఆవిడ ఉప్పు చేత్తో వేస్తే కూడా నాకు భయమే.

మా వాడి స్కూల్లో అమెరికా చదువు, దానితో పాటు అమెరికా ఆట. బేస్‌బాల్. ఊళ్ళో మా వాళ్ళెవరికీ అది అర్థం కాలేదు. "క్రికెట్ ఉండగా అదేం పోయేకాలంరా" అన్నాడు మా బావ. మట్టితో కట్టిన చిన్న దిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల అవతల గ్లవ్ వేసుకుని కూర్చున్నవాడికి బంతి విసరాలి. మధ్యలో బ్యాట్ పట్టుకుని ఒకడుంటాడు, వాడి బ్యాట్‌కి తగలకుండా దాటించాలి. ఆ విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. మా వాడు పిచ్చర్. పోయిన ఏడాది దుబాయ్‌లో గల్ఫ్ స్కూళ్ళన్నిటికీ కలిపి ఒక జట్టు కడుతున్నారనీ, కుర్రాళ్ళను చూసి ఏరుకోవడానికి సెలెక్టర్ దోహాకే వస్తాడనీ తెలిసింది. మూడు నెలల టైముంది. ఇంకేముంది, నేను రంగంలోకి దిగాను.

బంతి వేగం చెప్పే రాడార్ గన్ తెప్పించాను. వాడి చెయ్యి పొడవు, అంగ పొడవు, పరుగు, పిడికిలి బిగువు అన్నీ కొలిచి కంప్యూటర్లో ఎక్కించాను. హాల్లో గోడమీద వాడు రెండు చేతులూ చాపితే ఎంతో పెన్సిల్‌తో గీశాను. "ఏవండీ, అది పిల్లాడా, మీ ఫ్యాక్టరీలో పైపా?" అంది మా ఆవిడ. నవ్వాను. అప్పటికి నా మీద నాకు చాలా నమ్మకం.

స్కూల్ గ్రౌండ్‌లో ఆయన్ని మొదటిసారి చూసింది అప్పుడే. గ్రౌండ్ పనివాడు. జగిత్యాల దిక్కు మనిషి, యాభై దాటినట్టుంటాడు, సన్నగా ఎండిన కట్టెలా ఉంటాడు. మట్టి దిబ్బకు నీళ్ళు కొట్టి తొక్కడం, ముగ్గుపిండితో గీతలు గీయడం, వల చిరిగితే కుట్టడం ఆయన డ్యూటీ. చెప్పులెప్పుడూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. పని అయిపోయాక వల వెనక ఒక నీలం బకెట్ బోర్లించి దానిమీద కూర్చునేవాడు. మా వాడు చెయ్యెత్తగానే కళ్ళు మూసుకునేవాడు. ఆట చూడటానికి వచ్చినవాడు కళ్ళు మూసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. బంతి గ్లవ్‌లో పడి చప్పుడయ్యాక కళ్ళు తెరిచి, "సోలెడు" అనేవాడు. ఇంకో బంతికి "తవ్వెడు". ఇంకోదానికి "మానెడు". ఎప్పుడో ఒకసారి, రెండు మూడు రోజులకొకటి, అన్నిటికంటే పెద్ద కొలతగా "కుంచెడు!" అని మోకాలు చరుచుకునేవాడు. ఆ మాట కోసం నా కొడుకు దిబ్బ మీంచి ఆయన వైపు చూసేవాడు. నా వైపు కాదు, నా చేతిలో అంత ఖరీదైన గన్ ఉండగా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏమయ్యా, మిషన్ గంటకి డెబ్బై ఎనిమిది మైళ్ళు చూపిస్తుంటే నువ్వు సోలెడంటావేంటి?"

ఆయన లేచి నిలబడ్డాడు. నాతో కూర్చుని ఎప్పుడూ మాట్లాడలేదు. "మిషన్ ఎంత ఉరికిందో జెప్తది సార్. ఎంత నిండిందో నేను జెప్తున్న."

"నిండడమేంటి?"

"గదే సార్. గా బంతిల పోరడు ఎంతున్నడు అని."

మాటకారి అనుకున్నాను. కానీ ఊరుకోలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయనకు తెలియకుండా నా పట్టికలో ఇంకో గడి పెట్టి, గన్ చెప్పిన మైళ్ళ పక్కనే ఆయన చెప్పిన సోలలూ తవ్వలూ రాసుకున్నాను. ఆయన చెప్పేది వట్టిదని తేల్చాలనే. మూడు వారాల తర్వాత చూసుకుంటే నా మొహం మాడిపోయింది. ఆయన సోలెడన్న బంతుల్ని, అవి ఎంత వేగంగా పోయినా సరే, బ్యాట్ పట్టుకున్నవాళ్ళు చితక్కొట్టారు. కుంచెడన్నవి నా గన్ మీద నాసిగా ఉన్నా, వాటిని ఒక్కడు కూడా తాకలేదు. ఆ పట్టికను ఎవరికీ చూపించలేదు. మా ఆవిడకు కూడా.

ఆయనకీ విద్య ఎక్కడిదని వాకబు చేస్తే మా వాడే చెప్పాడు, అదేదో తన తాతముత్తాతల ఘనత అన్నంత గర్వంగా. ఆయన చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలేవాడట, రాయి పోయిన చప్పుడును బట్టే విసురు ఎంత నిండిందో చెప్పేవాడట. ఒకనాడు గ్రౌండ్‌లో నీడ కోసం కట్టిన పాత ఆకుపచ్చ వల నుంచి ఒక పీలిక కత్తిరించి, మధ్యలో గులకరాయి పెట్టి, తలచుట్టూ రెండుసార్లు తిప్పి వదిలాడు. అవతలి కంచె మీద పెట్టిన ఖాళీ నీళ్ళ సీసా ఎగిరిపోయింది. పిల్లలంతా అరిచారు, అమెరికా కోచ్ కూడా చప్పట్లు కొట్టాడు. నేను అడుగులతో కొలిచాను. డెబ్బై నాలుగు.

"ఇసిరేది చెయ్యి గాదు బిడ్డా, మడిమె. చెయ్యి ఉత్తగ ఎంబడి పోతది" అన్నాడు మా వాడితో.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ వచ్చే శుక్రవారం పొద్దున్నే, గ్రౌండ్‌లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, ఆ పీలికనే వెతికి పట్టుకుని నేనూ తిప్పాను. రాయి ముందుకు పోలేదు. వెనక్కి పోయి నా కారు అద్దానికి తగిలి అది పగిలింది. రోడ్డు మీద ట్రక్కు లోంచి కంకర ఎగిరిపడిందని ఇంట్లో చెప్పాను.

మా వాడు ఆయన్ని "కాకా" అనేవాడు. అది మొదటిసారి విన్నరోజు భోజనాల దగ్గర అడిగాను.

"మనం బాబాయి అంటాం కదరా. కాకా ఏంటి, కాకి అరుపులాగా?"

"ఆయన అట్లనే పిలువుమన్నడు."

"'పిలవమన్నాడు' అనాలి."

మా వాడు పళ్ళెంలోకి తల వంచుకున్నాడు. నాతో తెలుగులో వాడు మాట్లాడేది రోజుకు పది మాటలు: ఊఁ, సరే, ఆకలేస్తుంది, డబ్బులు కావాలి. ఇంగ్లీషులో ఇంకో ఇరవై. ఆయనతో మాత్రం ఆ బకెట్ పక్కన నేల మీద చతికిలబడి గంటసేపు జగిత్యాల తెలుగు దంచేవాడు. నేను పదహారేళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నా రాని తెలుగు మూడు నెలల్లో వచ్చేసింది, అదీ నాది కాని తెలుగు. "పోనివ్వండి, మాట్లాడుతున్నాడు కదా, అదే పదివేలు. ఆయన మీకంటే పెద్దాయన, మీరు కూడా 'నువ్వు' అనడం మానెయ్యండి" అంది మా ఆవిడ. నేను మానలేదు.

ఆయన్ను చూసి నవ్వుకున్న సందర్భాలు కూడా లేకపోలేదు. పిచ్చర్ అన్నమాట ఆయన ఊళ్ళో సినిమాకు వాడతారు. దుబాయ్ జట్టుకి సెలక్షన్ అని మా వాడు చెప్పగానే ఇంటికి ఫోన్ చేసి, "మా సార్ కొడుకు పిచ్చర్ల ఉంటడే, దుబాయ్‌ల" అన్నాడట. వాళ్ళావిడ, "గట్లనా, నువ్వు గూడ దుబాయ్‌లనే ఉన్నవు గద, నిన్ను గూడ పిచ్చర్ల తీస్కుంటరా" అందట. అది చెప్పి తనే పగలబడి నవ్వాడు. "మా ఇంటోళ్ళ లెక్కల నేను ఇరవై ఏండ్ల సంది ఆడనే ఉన్న సార్. ఖతర్ అంటె ఎర్కలే."

సెలక్షన్‌కు ఇంకా నెల ఉందనగా ఒక సాయంత్రం నేను గన్ సర్దుకుని కారు దగ్గరికి వస్తుంటే ఆయన వెనకాలే వచ్చాడు. తనంతట తానుగా నా దగ్గరికి రావడం అదే మొదలు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఏం కావాలి?"

"ఏం వద్దు సార్. ఒక మాట. పోరని చెయ్యి తిరిగింది సార్."

ఆ క్షణంలో నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వంటలో చెయ్యి తిరిగిన మనిషి, రాతలో చెయ్యి తిరిగిన మనిషి అంటాం కదా. నా కొడుకు చెయ్యి తిరిగిందని, అంత తేలిగ్గా ఎవర్నీ మెచ్చుకోని వాడు, కుంచెడు అనడానికి మూడు రోజులు తీసుకునేవాడు, పనిగట్టుకుని వచ్చి నాకు చెబుతున్నాడు. పైగా నాకు చెబుతున్నాడు, వాడికి కాదు. "చాలా థాంక్సయ్యా!" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయాడు. నేను భుజం తట్టి కారెక్కాను. మర్నాడు మిఠాయి కొట్లో కిలో కాజూ కట్లీ డబ్బా కొని ఆయన చేతిలో పెట్టాను. ఆయన డబ్బా వంక, నా వంక రెండుమూడుసార్లు చూసి, "మంచిది సార్" అని తీసుకున్నాడు.

చెయ్యి తిరిగింది కదా, ఇక నిమ్మళంగా ఉండటమెందుకని రోజుకు నలభై బంతులు విసిరేవాణ్ణి ఎనభై విసరమన్నాను. వాడు ఊఁ అన్నాడు.

మూడు వారాలకు గన్ మీద అంకె పడిపోసాగింది. డెబ్బై ఎనిమిది నుంచి డెబ్బై నాలుగు, డెబ్బై ఒకటి. గన్ పాడైందేమోనని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి సరిచూశాను. గన్ బాగానే ఉంది. ఆ ఆదివారం డ్యూటీ తొందరగా ముగించుకుని, చెప్పకుండా గ్రౌండ్‌కు వెళ్ళాను. దిబ్బ మీద ఎవరూ లేరు. సామాన్లు పెట్టుకునే రేకుల గదిలోంచి మాటలు వినిపించాయి. తలుపు తోశాను. మా వాడు ముగ్గుపిండి బస్తా మీద చొక్కా విప్పి కూర్చుని ఉన్నాడు. ఆయన టీ కాచుకునే హాట్ ప్లేట్ మీద ఉప్పు వేడిచేసి, గుడ్డలో మూటగట్టి, మా వాడి మోచేతికి కాపడం పెడుతున్నాడు. మా వాడి కళ్ళలో నీళ్ళు. నా ఎదుట వాడు ఏడ్చి ఆరేళ్ళయింది.

"ఏంట్రా ఇది?"

"కొంచెం గుంజుతుంది నాన్నా. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

వాడు ఆయన వంక చూశాడు. ఆ చూపు నాకు కత్తిలా దిగింది. నా కొడుకు, నా ప్రశ్న, జవాబు చెప్పాలా వద్దా అని ఇంకొకడి అనుమతి!

"నువ్వేమైనా డాక్టర్‌వా?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. "పిల్లాడికి నొప్పుందని తెలిసి నాకు చెప్పవా? నీ పని గీతలు గీసుకోవడం, అది చూసుకో!"

ఆయన మూట కింద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"చెప్పిన గద సార్. పోరని చెయ్యి తిరిగిందని. మోచెయ్యి బయటికి తిరుగుతుంది, ఇడిసేటప్పుడు. మీకు చెప్తె మీరు మిఠాయి డబ్బ ఇస్తిరి. చెయ్యి తిరిగితె మిఠాయి ఎందుకిచ్చిండ్రో నాకు సమజ్ కాలె. పెద్దోళ్ళు, ఏదో ఉంటది అనుకున్న."

మా వాడు నవ్వాడు. కళ్ళలో నీళ్ళతోనే నవ్వాడు. బహుశా అదే నన్ను చెడగొట్టింది. నొప్పికి నేను కారణమన్నది తర్వాత సంగతి. ఆ రేకుల గదిలో వాళ్ళిద్దరూ ఒకటి, నేను బయటివాణ్ణి.

ఇంటికొచ్చి, స్నానం కూడా చేయకుండా, స్కూల్ వాళ్ళకు ఒక మెయిల్ రాశాను. పేరెంట్స్ కమిటీలో నేనూ ఉన్నాను, నా మాటకు విలువుంది. గ్రౌండ్ పనివాళ్ళు పిల్లల్ని గదిలోకి తీసుకెళ్ళి నాటువైద్యం చేస్తున్నారనీ, భద్రత దృష్ట్యా వెంటనే చర్య తీసుకోవాలనీ. అందులో ఒక్క అబద్ధం లేదు. నా ఉద్యోగంలో నేను రాసే రిపోర్టుల్లాగే ప్రతి ముక్కా నిజం. రెండు రోజులకల్లా ఆయన కనిపించలేదు. గ్రౌండ్ పని చేయించే కంపెనీ ఆయన్ని అల్ రయ్యాన్ వైపు ఒక విల్లాల కాంపౌండ్‌లో చెట్లకు నీళ్ళు పెట్టడానికి మార్చింది.

"కాకా ఏడి?" అని అడిగాడు మా వాడు.

"డ్యూటీ మార్చారట" అన్నాను.

ఆ శుక్రవారమే సెలెక్టర్ వచ్చాడు. అతని దగ్గరా గన్ ఉంది, నాదానికంటే మంచిది. అయిదు రోజులు విశ్రాంతి ఇచ్చాం కదా, ఫరవాలేదనుకున్నాను. మొదటి నాలుగు బంతులు డెబ్బై తొమ్మిది, ఎనభై. నేను పిడికిళ్ళు బిగించాను. ఏడో బంతి వేశాక మా వాడు దిబ్బ మీద కూర్చుండిపోయాడు. సెలెక్టర్ గన్ కింద పెట్టి వాడి మోచెయ్యి చూసి, నా వైపు చూసి, తర్వాతి పిల్లాడి పేరు పిలిచాడు. డాక్టర్ రెండు నెలలు బంతి ముట్టుకోవద్దన్నాడు. నరం తెగలేదు, అదే అదృష్టం.

ఆసుపత్రి నుంచి వస్తూ కార్లో మా వాడే మాట్లాడాడు.

"చెయ్యి అన్నిసార్లూ తిరిగేది కాదు నాన్నా. నువ్వు గన్ పట్టుకుని నిలబడితేనే తిరిగేది. నంబర్ కోసం గట్టిగా ఇసురుతుంటి. కాకాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది, నువ్వొచ్చినవని."

"మరి ఆ ముక్క ఆయన నాకు చెప్పలేదేం?"

"నేను చెప్పమన్న. వద్దన్నడు. 'మీ నాయిన గంత ఇష్టంతోని మిషన్ కొనుక్కచ్చిండు, మనసు నొచ్చుకుంటడు' అన్నడు."

కొలిచే పరికరమే కొలతను చెడగొట్టడం మా వృత్తిలో కొత్త సంగతి కాదు. సన్నటి పైపులో లావుపాటి థర్మామీటర్ దూరిస్తే లోపలున్నది చల్లారిపోతుంది, మనం ఆ చల్లారిన వేడినే రాసుకుంటాం. అలాంటి తప్పులు పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళ అనుభవం నాది. పట్టుకున్నది మాత్రం వడిసెల తిప్పినవాడు.

నెల తర్వాత మనసు ఊరుకోక అల్ రయ్యాన్ వెళ్ళాను. క్షమాపణ చెబుదామనే వెళ్ళాను, దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన కాంపౌండ్ గోడ పక్కన పైపుతో పూలమొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూడగానే కుళాయి కట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు.

"పోరడు ఎట్లున్నడు సార్? మోచెయ్యి మంచిగ ముడుస్తుండా?"

"బాగానే ఉందండీ" అన్నాను. ఆ 'అండీ' నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఇంక జల్ది ఇసరనియ్యకుండ్రి. చిన్నగ, పది పదితోని షురూ జెయ్యాలె." వెనకున్న మొక్కల వైపు చెయ్యి చూపించాడు. "సార్, ఈడ చెట్లే ఉన్నయి. చెట్లతోని ఏం మాట్లాడుదు? ఆడ పోరగాండ్లుంటుండె. మీరొక మాట జెప్తె మల్ల ఆడికే పంపుతరు."

"నేను చెబితే వింటారంటారా?"

"ఎందుకినరు సార్" అన్నాడు ఆయన. "ముందుగూడ మీ మాటే ఇన్నరు గద."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆయన ముఖమంతా వెతికాను. లేదు. ఉండి ఉంటే ఎంత బాగుండేదో. ఒక తిట్టు తిట్టి ఉంటే నేనూ ఒకటి తిట్టి, లెక్క సరిపోయిందని ఇంటికొచ్చేవాణ్ణి. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

"చూస్తాను" అన్నాను.

ఆయన ఇప్పటికీ అల్ రయ్యాన్‌లోనే ఉన్నాడు, ఈ మధ్యే కనుక్కున్నాను. మా వాడి చెయ్యి బాగైంది, ఈ సీజన్‌లో మళ్ళీ విసురుతున్నాడు. ఎలా విసిరావురా అని అడిగితే "ఫరవాలేదు నాన్నా" అంటాడు. అంతే అంటాడు, అయినా నన్ను చూసే అంటాడు, ఇప్పుడు చూడటానికి అక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి. కమిటీ వాళ్ళకు ఒక్క ఫోన్ చేస్తే చాలు, వారంలో ఆయన తిరిగొస్తాడు. రోజూ అనుకుంటాను. ఇంకా చేయలేదు.